ఇంటికి పంపాక చూసేదెవరు?

"ఇంక మందులతో లాభం లేదమ్మా, ఇంటికి తీసుకెళ్ళండి. ఆయన ఏది అడిగితే అది పెట్టండి." కేన్సర్ ముదిరిన మనిషి ఉన్న ఇళ్ళలో ఈ మాట వినని వాళ్ళు తక్కువ. డాక్టరు చెప్పేసి పక్క బెడ్ దగ్గరికి వెళ్ళిపోతాడు. అప్పటిదాకా నర్సులు, ఆయాలు, డ్యూటీ డాక్టర్లు పంచుకుని చేసిన చాకిరీ అంతా ఆ రోజు నుంచి ఒక్క మనిషి నెత్తిన పడుతుంది. మన ఇళ్ళలో ఆ మనిషి దాదాపు ఎప్పుడూ భార్యో, కూతురో, కోడలో.

మా బావకు నోటి కేన్సర్. ఖైనీ అలవాటు. ఆపరేషన్, రేడియేషన్ అయ్యాక కూడా తిరగబెట్టింది. ఇప్పుడు నర్సు, ఆయా, వంటమనిషి అన్నీ మా అక్కే. రాగిజావ పలచగా కాచి, వడకట్టి, ముక్కులో వేసిన గొట్టంలోంచి సిరంజితో మెల్లగా పోయాలి. పోసేటప్పుడు తల ఎత్తులో ఉండాలి. పోశాక నీళ్ళు పంపకపోతే గొట్టం మూసుకుపోతుంది, మళ్ళీ ఆటో కట్టించుకుని ఆసుపత్రికి పరుగు. మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకపోతే నడుం దగ్గర పుండ్లు పడతాయి. చెంప మీద పుండుకు రోజూ డ్రెస్సింగ్. ఆ వాసనకు కన్నపిల్లలే గదిలోకి రావడం మానేశారు. మెట్రోనిడజోల్ బిళ్ళ పొడి చేసి పుండు మీద చల్లితే వాసన తగ్గుతుందని డిశ్చార్జ్ రోజు ఒక్కరూ చెప్పలేదు. చాలా రోజుల తర్వాత ఇంటికొచ్చిన పాలియేటివ్ కేర్ (జబ్బు నయం కాకపోయినా నొప్పి, బాధ తగ్గించే వైద్యం) నర్సు చెప్పింది. అంత చిన్న సంగతి ముందే తెలిసుంటే ఆ పిల్లలు నాన్న పక్కన కూర్చునేవాళ్ళు కదా! నాకు ఇప్పటికీ కడుపు మండేది అక్కడే.

ఇక పలకరింపులు. నోరు తెరవలేని మనిషికి ఆపిల్స్, బత్తాయిలు తెస్తారు. కూర్చుంటే వచ్చినవాళ్ళకు టీ పెట్టాల్సింది కూడా అక్కే. "ఆయనకు మాత్రం విషయం చెప్పకమ్మా" అని చెవిలో చెప్పి పోతారు. ఆయన రాత్రిపూట "నాకు తగ్గుతుందా?" అని రాసి చూపిస్తే ఏం చెప్పాలో మాత్రం ఎవరూ చెప్పరు. "ఫలానా ఊళ్ళో పసరు మందు ఇస్తారట, ఒక్కసారి తీసుకెళ్ళి చూడకపోయావా" అని ఇంకొకరు. అంటే ఇంత చేసినా చేయాల్సింది చేయలేదనే కదా! చివర్లో అందరిదీ ఒకటే మాట, "నీ రుణం తీరిపోతుందమ్మా, ఎంత పుణ్యం చేసుకున్నావో." పుణ్యం అనేస్తే ఇంక రాత్రి కాపలా ఎవరూ పంచుకోనక్కర్లేదు. నిద్ర లేక ఆమె కళ్ళు లోతుకు పోయాయి, బీపీ వచ్చింది, తన మాత్ర తను వేసుకోవడం మర్చిపోతోంది. పనిచేసే ప్రైవేటు బడిలో మొదట జీతం కోశారు, తర్వాత రావద్దన్నారు.

పిల్లల్ని చూసుకోవడానికి కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులకు 730 రోజుల సెలవు ఉంది, ఉండాలి కూడా. చివరి దశలో ఉన్న మొగుడినో తల్లినో చూసుకునే ప్రైవేటు ఉద్యోగికి ఏముంది? రైల్వే వాళ్ళు కేన్సర్ రోగితో పాటు తోడు వెళ్ళే మనిషికీ టికెట్‌లో రాయితీ ఇస్తారు. తోడు మనిషి అనే వాళ్ళొకరు ఉంటారని రైలెక్కేటప్పుడైనా గుర్తించారు, సంతోషం. ఇల్లు చేరాక ఆమెను అడిగే నాథుడు లేడు.

సాయం అసలే లేదని కాదు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కేన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది. తెలంగాణ జిల్లాల్లో ప్రభుత్వ పాలియేటివ్ కేర్ కేంద్రాలున్నాయి, 'ఆలన' పేరుతో ఇంటికొచ్చి చూసే బృందాలున్నాయి. హైదరాబాద్‌లోనే చివరి దశ రోగుల్ని చేర్చుకునే స్పర్శ్ హాస్పిస్ లాంటి చోట్ల డబ్బు తీసుకోకుండా చూస్తారు. కానీ ఈ కబురు అక్కలాంటి వాళ్ళకు అందేసరికి మనిషి సగం అయిపోతాడు. గట్టి నొప్పిని తగ్గించే మందు మార్ఫిన్ సంగతి ఇంకా ఘోరం. మత్తుమందులను కట్టడి చేసే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టాన్ని 2014లో సవరించి వైద్యానికి అది తేలిగ్గా దొరికే దారి వేశారు. అయినా చాలా ఊళ్ళలో దొరకదు, దొరికినా "అలవాటు పడిపోతాడు" అని చుట్టాలే అడ్డం పడతారు. నొప్పితో రాత్రంతా మూలిగే మనిషికి రేపటి అలవాటు గురించి భయమా? ఆయన నొప్పి తగ్గితేనే అక్కకు ఓ గంట నిద్ర.

కేరళ 2008లోనే పాలియేటివ్ కేర్‌కు ప్రభుత్వ విధానం తెచ్చింది. అక్కడ పంచాయతీల నర్సులు, ఊరి వలంటీర్లు ఇళ్ళకు వెళ్తారు. మనకు డ్వాక్రా సంఘాలున్నాయి, ఆశా కార్యకర్తలున్నారు, ఎవరింట్లో ఎవరు మంచాన పడ్డారో వీధి వీధికీ తెలుసు. ఇంకేం తక్కువ? డిశ్చార్జ్ కాగితంతో పాటు అరగంట కూర్చోబెట్టి గొట్టం, డ్రెస్సింగ్, మందులు నేర్పమనండి. దగ్గర్లో పాలియేటివ్ కేర్ ఎక్కడుందో ఆ కాగితం మీదే రాసిమ్మనండి.

మన చుట్టాల్లో ఇలాంటి ఇల్లుంటే "ఏమైనా కావాలంటే చెప్పు" అని రాకండి, ఆమె చెప్పదు. "శనివారం రాత్రి నేను కూర్చుంటా, నువ్వెళ్ళి పడుకో" అనండి. గొట్టంలో పోయడం ముందు రోజే వచ్చి నేర్చుకోండి. పండ్లు కొనే డబ్బుతో డైపర్లు తీసుకెళ్ళండి, అవి రోజూ కావాలి.