లెక్క తేలింది, బాకీ మాత్రం వసూలు కాలేదు

1793 జూన్ చివర్లో అమెరికా అధ్యక్షుడు జార్జ్ వాషింగ్టన్ ముందుకు ఒక జమాఖర్చు వచ్చింది. బ్రిటన్‌తో జరిగిన స్వాతంత్ర్య యుద్ధంలో పదమూడు రాష్ట్రాల్లో ఏది తన వాటా కంటే ఎక్కువ పెట్టింది, ఏది తక్కువ పెట్టింది అన్నది అందులో తేల్చారు. ఏడు రాష్ట్రాలకు కేంద్రం ఇవ్వాలి, ఆరు రాష్ట్రాలు కేంద్రానికి కట్టాలి. మసాచుసెట్స్‌కు 12,48,801 డాలర్లు, సౌత్ కరోలినాకు 12,05,978 డాలర్లు రావాలి. న్యూయార్క్ ఒక్కటే 20,74,846 డాలర్లు బాకీ. రావాల్సినవి ఒకవైపు, కట్టాల్సినవి మరోవైపు కూడితే రెండూ 35,17,584 డాలర్లే.

డాలరు తేడా లేకుండా సరిపోయింది కదా అని దీన్ని గట్టి ఆడిట్ అనుకోకూడదు. మొత్తం ఖర్చును రాష్ట్రాలకు పంచి, ఎక్కువ తక్కువలు చూస్తే రెండు వైపులా ఎప్పుడైనా సమానంగానే వస్తుంది. అసలు గొడవంతా ఏది ఖర్చు, పంచేది ఏ లెక్కన అన్న దగ్గరే ఉంది. ఆ రెండూ రాజకీయంగా తేలినవే.

పంపకానికి 1790 జనాభా లెక్కలు తీసుకున్నారు, అదీ రాజ్యాంగంలోని సూత్రం ప్రకారం. అంటే ఐదుగురు బానిసలను ముగ్గురుగా లెక్కించారు. బానిసల చాకిరీ మీద బతికిన దక్షిణాది రాష్ట్రాలకు యుద్ధభారంలో వాటా ఆ మేరకు తగ్గింది. సౌత్ కరోలినాకు పన్నెండు లక్షలు రావాలని తేలడంలో దీని పాత్రా ఉంది. పట్టికలో అంకెలు చూస్తే ఈ సంగతి తెలియదు.

ఇక ఖర్చుల సంగతి. యుద్ధం మధ్యలో రసీదులు భద్రపరిచిందెవరు? 1781 జనవరిలో బ్రిటన్ వైపు పోరాడిన బెనెడిక్ట్ ఆర్నాల్డ్ సేనలు వర్జీనియా రాజధాని రిచ్‌మండ్ మీద పడినప్పుడు వర్జీనియా కాగితాలు చాలా పోయాయి. మసాచుసెట్స్ కథ వేరు. 1779 వేసవిలో ఆ రాష్ట్రం సొంత నిర్ణయంతో పెనబ్‌స్కాట్ అఖాతంలోని బ్రిటిష్ కోట మీదికి దాదాపు నలభై ఓడలను పంపింది. బ్రిటిష్ నౌకలు రాగానే మసాచుసెట్స్ వాళ్లు నది ఎగువకు పారిపోయి, చాలా ఓడలను తామే తగలబెట్టుకున్నారు. విచారణ సంఘం తప్పంతా ఓడల దళపతి డడ్లీ సాల్టన్‌స్టాల్ నెత్తిన వేసింది. ఆయన రాష్ట్రం మనిషి కాదు, కాంటినెంటల్, అంటే కేంద్రం, నౌకాదళ అధికారి. ఓడించింది కేంద్రం మనిషైతే బిల్లు కేంద్రానికి పంపడం తేలిక కదా!

ఇలాంటి పద్దులను మామూలు ఆడిటర్ దగ్గరికి తీసుకెళ్తే సగం కొట్టేస్తాడు. అందుకే 1790 ఆగస్టు చట్టం ఈ లెక్కలు తేల్చే ముగ్గురు కమిషనర్ల చేతులు వదులు చేసింది. యుద్ధంలో రక్షణ కోసం పెట్టిందైతే చాలు, ముందస్తు అనుమతి లేకపోయినా, సరైన రసీదు లేకపోయినా ఒప్పుకోవచ్చు. ముగ్గురిలో ఇద్దరు ఏమంటే అదే తుది మాట. చివరి నివేదిక ఇచ్చిన విలియం ఇర్విన్ పెన్సిల్వేనియా వాడు, జాన్ కీన్ సౌత్ కరోలినా వాడు, వుడ్‌బరీ లాంగ్డన్ న్యూ హాంప్‌షైర్ వాడు. మధ్య, దక్షిణ, ఉత్తర ప్రాంతాలకు ఒక్కొక్కరన్నమాట.

ఈ వెసులుబాటు ఊరికే రాలేదు. రాష్ట్రాల అప్పులను కేంద్రమే తీసుకోవాలని ఆర్థికమంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ 1790 జనవరిలో ప్రతిపాదిస్తే, ఏప్రిల్‌లో ప్రతినిధుల సభ 31–29తో తిప్పికొట్టింది. తన అప్పు చాలావరకు తీర్చేసిన వర్జీనియాకు పక్కవాళ్ల అప్పు మోయడం మంట. ముందు లెక్కలు తేల్చండి, అప్పుల మాట తర్వాత అన్నది వర్జీనియా ప్రతినిధి జేమ్స్ మాడిసన్ వాదన. చివరికి విదేశాంగమంత్రి థామస్ జెఫర్సన్ ఇంట్లో భోజనాల దగ్గర బేరం కుదిరింది. రాజధాని పొటోమాక్ ఒడ్డుకు వెళ్లింది, 2.15 కోట్ల డాలర్ల వరకు రాష్ట్రాల అప్పు కేంద్రం మీదికి వచ్చింది. అందులో వర్జీనియాకు 35 లక్షల వరకు కేటాయించారు. ఇలా తీసుకున్న అప్పును తుది లెక్కలో ఆయా రాష్ట్రాల పేరిట రాసుకున్నారు. చివరికి వర్జీనియా 1,00,879 డాలర్లు మాత్రమే బాకీ తేలింది.

రావాల్సిన రాష్ట్రాలకు కేంద్రం బాండ్లు ఇచ్చేసింది. కట్టాల్సినవాళ్లు? 1799లో కోటలు కట్టుకుంటే ఆ ఖర్చు బాకీలో జమ చేసుకుంటామని కేంద్రం దారి చూపింది. న్యూయార్క్ కొంత ఖర్చు పెట్టి ఆ మేరకు చెల్లు రాయించుకుంది. మిగిలిన దానికి కేంద్రం నీళ్లొదిలేసింది. 1790 లెక్కల్లో అరవై వేల జనాభా కూడా లేని డెలావేర్ 6,12,428 డాలర్లు ఎక్కడి నుంచి తెచ్చి కడుతుంది? పట్టుబట్టి వసూలు చేసి ఉంటే అప్పుడే పుట్టిన ప్రభుత్వానికి న్యూయార్క్‌తోనే మొదటి తగువు వచ్చేది. ఆ మేరకు వదిలేయడం తెలివైన పనే.

అయితే అప్పు మాయం కాలేదు. కేంద్రం నెత్తికెత్తుకున్న అప్పుల వడ్డీ కోసమే 1791లో విస్కీ మీద పన్ను వేశారు. ఆ వడ్డీలో మంచి భాగం, సైనికుల దగ్గరా చిన్నవాళ్ల దగ్గరా అప్పుపత్రాలను చౌకగా కొనుక్కున్న వ్యాపారులకు చేరింది. మొదట పత్రం పట్టుకున్నవాళ్లకూ కొంత ఇవ్వాలని మాడిసన్ అడిగితే సభ 36–13తో కాదంది. 1794లో పశ్చిమ పెన్సిల్వేనియా రైతులు ఆ పన్ను కట్టబోమని తిరగబడితే వాషింగ్టన్ దాదాపు 13,000 మంది సైన్యాన్ని పంపాడు. రాష్ట్రాల బాకీ దగ్గర చూపిన ఓర్పులో పదో వంతు కూడా ఆ రైతుల దగ్గర చూపలేదు.