శబ్దం రాకుండా బంతి కొట్టవలెను

మా అపార్ట్‌మెంట్ లిఫ్ట్ పక్కన ఒక నోటీసు ఉంది. "బాస్కెట్‌బాల్ కోర్టులో ఆడుకొనువారు ఉదయం 7 గంటలలోపు శబ్దం రాకుండా ఆడుకొనవలెను. ఇట్లు, కమిటీ." రాసింది నేనే. బంతి నేలకి కొట్టకుండా బాస్కెట్‌బాల్ ఎలా ఆడతారని ఎవరో కింద పెన్నుతో గీకారు గానీ, ఇలాంటి చిన్న చిన్న విషయాలు చూసుకుంటూ కూర్చుంటే కమిటీ ఏ నిర్ణయమూ తీసుకోలేదు.

ముందు ఆ కోర్టు సంగతి. కొండాపూర్‌లో మేం ఫ్లాట్ బుక్ చేసినప్పుడు బ్రోచర్లో 'ఇంటర్నేషనల్ స్టాండర్డ్ బాస్కెట్‌బాల్ కోర్ట్' అని రంగుల బొమ్మ వేశారు. గృహప్రవేశానికి వచ్చి చూస్తే సగం కోర్టే ఉంది. ఇంటర్నేషనల్‌లో మన వాటా అంతేలే అని సర్దుకున్నాం. ఫ్రీ త్రో గీత మీద వినాయకుడి మండపానికి గుంజ పాతిన గుంత, రింగుకి వల లేదు గానీ పోయినేడాది దీపావళి సీరియల్ లైట్ల వైరు వేలాడుతూ ఉంటుంది, ఎండాకాలమైతే బోర్డు కింద మూడో ఫ్లోర్ వాళ్ల మిరపకాయలు. బతుకమ్మ అక్కడే, ముగ్గుల పోటీ అక్కడే, ఎవరింట్లో ఫంక్షనైనా భోజనాలు అక్కడే. ఇన్ని పనులకి పనికొచ్చే జాగాలో ఒకమ్మాయి పొద్దున్నే ఐదున్నరకి దిగి బాస్కెట్‌బాల్ ఆడుతోందంటే ఒళ్లు మండదా మరి.

నాలుగో ఫ్లోర్ అమ్మాయి. బీకాం ఫైనలియర్, ఐదడుగుల పదకొండంగుళాలు. (పెళ్లి బయోడేటాలో ఐదడుగుల ఎనిమిదని రాయించారు, మిగతా మూడంగుళాలు పెళ్లిచూపుల్లో కూర్చునే ఉంటుంది కాబట్టి కనపడవట.) మొన్న వాళ్లమ్మ వచ్చి, "అన్నయ్యగారూ, ఇది ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ ప్లేయర్ అవుతానని కూర్చుంది, మీరే కాస్త చెప్పాలి" అంది. నేను బాస్కెట్‌బాల్ జన్మలో ఆడలేదు కాబట్టి ఈ విషయంలో నాకు పక్షపాతం లేదు. పైగా ముప్పై నాలుగేళ్లు అకౌంట్స్ సెక్షన్లో చేసి రిటైరైనవాణ్ణి. కెరీర్ అంటే ఏముంది, లెక్కే కదా. నాకొదిలెయ్యమ్మా అన్నాను.

వారం రోజులు కూర్చుని చూశాను. ఆడవాళ్ల లీగుల్లో పెద్దది అమెరికాలోని డబ్ల్యూఎన్‌బీఏ, 1997 నుంచి ఆడుతున్నారు. 2024 డ్రాఫ్ట్‌లో, అంటే టీములు వంతులవారీగా కొత్త ప్లేయర్లని ఎంచుకునే తంతు, మన ఎంసెట్ కౌన్సెలింగ్ లాంటిదే అనుకోండి, ఫస్ట్ ర్యాంకు కెయిట్లిన్ క్లార్క్ అనే అమ్మాయిది. కాలేజీలో ఉండగా 3,951 పాయింట్లు కొట్టింది, అక్కడి కాలేజీ పెద్ద డివిజన్లో మగపిల్లల్లో కూడా అన్ని కొట్టినవాడు లేడు. ఆ ఏడాది ఆమె ఆడిన కాలేజీ ఫైనల్‌ని టీవీలో సగటున 1 కోటి 89 లక్షల మంది చూశారు, మగపిల్లల ఫైనల్‌కి అంతమంది లేరు. ఇక్కడిదాకా చదివి నాకు కాస్త టెన్షన్ వచ్చిన మాట నిజమే, కొంపదీసి ఆ అమ్మాయి చెప్పేదే కరెక్టేమోనని. అప్పుడు జీతం కాలమ్ చూశాను. మొదటి ఏడాది 76,535 డాలర్లు. హమ్మయ్య అనుకున్నాను.

మా మేనల్లుడు డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు. వాడు ఆఖరిసారి ఆడిన ఆట ఇంటర్ హాస్టల్లో క్యారమ్స్. వాడికి ఇంతకంటే ఎక్కువే వస్తుంది, వాడు పనిచేస్తుంటే చూడ్డానికి వాడి మేనేజర్ కూడా రాడు. సరే, మగాళ్ల లీగ్‌లో? అంతకుముందు ఏడాది ఫస్ట్ ర్యాంకు విక్టర్ వెంబన్యామాకి మొదటి ఏడాది దాదాపు 1 కోటి 20 లక్షల డాలర్లు, అంటే నూట యాభై రెట్ల పైమాటే. ఆడవాళ్ల బంతి చుట్టుకొలత 28.5 అంగుళాలు, మగాళ్లదానికంటే ఒక్క అంగుళమే చిన్నది. రింగు మాత్రం ఇద్దరికీ పదడుగుల ఎత్తులోనే ఉంది, దాన్నేమీ దించలేదు. జీతం ఒక్కటే దించారు. మగాళ్ల లీగ్ ఆదాయంలో దాదాపు సగం ఆటగాళ్లకే వెళ్లాలని ఒప్పందముంది, ఆడవాళ్ల అప్పటి ఒప్పందంలో అలాంటి గ్యారంటీ వాటా లేదు, అదీ సంగతి. 2025 జూలైలో ఆల్‌స్టార్ మ్యాచ్‌కి ముందు, మాకు బాకీ ఉన్నది మాకివ్వండని టీషర్టుల మీద రాసుకుని దిగారట. టీషర్టు చదివి బాకీ తీర్చినవాణ్ణి నా సర్వీసులో ఒక్కణ్ణీ చూడలేదు.

"మరి క్లార్క్‌కి నైకీ వాళ్లిచ్చేది అంకుల్?" అంది అమ్మాయి. అది చెప్పుల ఖాతా తల్లీ, ఆట ఖాతాలో జమ చెయ్యకూడదు.

విమానాల ముచ్చట ఇంకా బాగుంటుంది. 2021 సీజన్లో న్యూయార్క్ లిబర్టీ ఓనర్లు తమ ప్లేయర్లని ప్రత్యేక విమానాల్లో తిప్పారు. ఆరున్నర అడుగుల మనిషి ఎకానమీలో మధ్య సీట్లో మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చుని, దిగి సాయంత్రం మ్యాచ్ ఆడాలంటే కష్టమే కదా మరి. దానికి లీగ్ వేసిన జరిమానా 5 లక్షల డాలర్లు. మిగతా టీములకి ఆ స్తోమత లేనప్పుడు ఒక్క టీమ్ మాత్రం కాళ్లు చాపుకుంటే అన్యాయమట. అందరికీ ప్రత్యేక విమానాలు 2024లో గానీ రాలేదు. మా కమిటీ కూడా సరిగ్గా ఇదే పద్ధతిలో నడుస్తుంది, బీ బ్లాక్ లిఫ్ట్ రిపేరయ్యేదాకా ఏ బ్లాక్ లిఫ్ట్ ఆపాం.

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన కేసు డయానా టౌరాసి అనే డబ్ల్యూఎన్‌బీఏ ప్లేయర్‌ది. లీగ్ సెలవుల్లో రష్యా వెళ్లి అక్కడి క్లబ్‌కి ఆడేది. ఆ క్లబ్ వాళ్లు ఏడాదికి 15 లక్షల డాలర్ల దాకా ఇస్తూ, అలసిపోతావు, 2015లో అమెరికాలో ఆడకు, ఆ జీతం కూడా మేమే ఇస్తాం అన్నారు. ఆమె ఆ ఏడాది ఇంటిపట్టున ఉంది. పని చెయ్యనందుకు జీతం! నేను సర్వీసులో ఉండగా ఈ సౌకర్యం కొందరికి ఉండేది గానీ ఇంత బాహాటంగా కాదు. అదే క్లబ్‌కి ఆడటానికి వెళ్లి 2022 ఫిబ్రవరిలో మాస్కో ఎయిర్‌పోర్టులో బ్రిట్నీ గ్రైనర్ అనే ఇంకో డబ్ల్యూఎన్‌బీఏ ప్లేయర్ పట్టుబడింది, సామాన్లలో గంజాయి నూనె ఉందని. తొమ్మిదేళ్లు జైలన్నారు, డిసెంబర్‌లో ఒక ఆయుధాల వ్యాపారితో మార్చుకుని విడిపించారు. తప్పు సంగతి అలా ఉంచితే, మా మేనల్లుడికి సెలవులొస్తే తిరుపతి వెళ్తాడు గానీ రెండో ఉద్యోగానికి వెళ్లాల్సిన గతి పట్టలేదు.

సరే, అమెరికా ఎందుకు, మన దేశంలోనే చూద్దాం. ఇక్కడ ఆడవాళ్ల బాస్కెట్‌బాల్‌కి ఒక గొప్ప వ్యవస్థ ఉంది, దాని పేరు రైల్వే. కేరళ అమ్మాయి గీతు అన్నా జోస్, ఆరడుగుల రెండంగుళాలు, ఆస్ట్రేలియా క్లబ్‌కి ఆడొచ్చింది. 2011లో మూడు డబ్ల్యూఎన్‌బీఏ టీములు ట్రయల్స్‌కి పిలిచాయి, కాంట్రాక్ట్ మాత్రం ఏదీ ఇవ్వలేదు. ఉద్యోగం దక్షిణ రైల్వే. చాలాకాలం ఇండియా కెప్టెన్‌గా ఉన్న అనితా పాల్‌దురైకి 2021లో పద్మశ్రీ వచ్చింది, ఆమెదీ దక్షిణ రైల్వేనే. కాబట్టి ఈసారి రైల్లో ఆరడుగుల ఆడమనిషి వచ్చి టికెట్ చూపించమంటే ఆర్‌ఏసీ గురించి వాదన పెట్టుకోకండి, ఆమె దేశానికి ఆడినావిడ అయ్యుండొచ్చు. మనకి ప్రొఫెషనల్ అంటే ఇదీ. ఆడి ఆడి ఉద్యోగం తెచ్చుకోవడం, తెచ్చుకున్నాక ఆడక్కర్లేకపోవడం. సికింద్రాబాద్ రైల్ నిలయం మనకెంత దూరం, ఒక బస్సు మారితే చాలు.

పోనీ ఆటే కావాలంటే ఈ ఊళ్లో ఆడపిల్లలు ఆడేవి ఉన్నాయిగా. సానియా, సైనా, సింధు, మిథాలీ, అందరి చేతిలోనూ రాకెట్టో బ్యాటో ఉంటుంది, ఫ్లెక్సీలో నిండుగా కనపడుతుంది. వట్టి చేతులతో ఆడితే దండ వేసేటప్పుడు ఫొటో ఎలా వస్తుంది?

ఇదంతా ఫైల్లో పెట్టుకుని గురువారం పొద్దున ఐదు నలభైకి కోర్టులోకి దిగాను. ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మొత్తం చదివాను. ఆ అమ్మాయి ఒక చెవి ఇటు పడేసి షాట్లు వేస్తూనే ఉంది. లైట్ల వైరుకి తగలకుండా, గుంతలో కాలు పడకుండా, వరసగా పదకొండు పడ్డాయి, నేను లెక్కపెట్టాను, అలవాటు కదా. పన్నెండోది రింగుకి తగిలి ఎగిరి మిరపకాయల్లో పడింది.

"అంకుల్, కాస్త అందించరా."

తెచ్చాను. అరకిలో పైనే ఉంటుంది, మీద గరుకు గరుకుగా చుక్కలు. ఇవ్వబోతే, "ఒకటి వెయ్యండి" అంది. వేశాను, రింగుదాకా కూడా పోలేదు. మోకాళ్లు వంచమంది. నాకవి వంగి పదేళ్లయింది గానీ, సరే, వంచాను. నాలుగోసారి రింగుని తాకింది. తొమ్మిదోసారి, ఎవరూ నమ్మరు గానీ, పడింది.

పై నుంచి మూడో ఫ్లోర్ ఆవిడ బాల్కనీలోకి వచ్చి, "ఎవరండీ అది, ఆరన్నా కాలేదు, నోటీసు చదవలేదా?" అని అరిచింది.

నోటీసులో 7 గంటలని ఉన్నచోట 5 గంటలని సవరించే ప్రతిపాదన వచ్చే ఆదివారం మీటింగ్‌లో వస్తోంది. ఎవరు పెట్టారన్నది మినిట్స్‌లో రాయాల్సిన అవసరం లేదని అనుకుంటున్నాను.