చీమకుర్తి రాయిలో డ్రాగన్ గుడ్డు

ఒంగోలులో ఉండే మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. ఈ సెలవుల్లో ఫోన్ పక్కన పడేసి 'ఎరగాన్' అనే లావుపాటి ఇంగ్లిష్ నవల చదివాడు. వాడు అంతగా మునిగిపోవడం చూసి ముచ్చటేసి నేనూ చదివాను. ఓ పిల్లవాడు, వాడి డ్రాగన్, ఒక దుర్మార్గపు రాజు. కథ ఇంతే. మరి మా వాణ్ణి అంతగా పట్టేసిందేమిటి?

నాకు జవాబు మొదట్లోనే దొరికింది. పదిహేనేళ్ల ఎరగాన్ కొండల్లోకి వేటకి వెళ్తాడు. వేట తప్పిపోతుంది, తెల్లటి చారలున్న నున్నటి నీలం రాయి దొరుకుతుంది. అది డ్రాగన్ గుడ్డని వాడికి తెలియదు. ఇంట్లో చలికాలానికి మాంసం లేదు. అందుకని ఆ రాయిని తీసుకుని ఊళ్లో మాంసం కొట్టుకి పోతాడు. ఫలానా కొండల్లో దొరికిందని తెలియగానే కొట్టువాడు వద్దుపొమ్మంటాడు. చివరికి ఊరి కమ్మరి ఆ డబ్బు తను కడతాడు.

రచయిత ప్రతిభంతా నాకు ఈ బేరంలోనే కనపడింది. ఇంటి కొరత ముందు చెప్పాడు, మాయ తర్వాత తెచ్చాడు. గుడ్డు పగిలి పిల్ల బయటికొచ్చాక కూడా ఎరగాన్‌కి పట్టుకున్న టెన్షన్ దాన్ని ఎక్కడ దాచాలి, ఏం తినిపించాలి అనే. మేకపిల్లని సాకిన ఏ పిల్లవాడికైనా ఆ బెంగ తెలుసు.

ఈ నవల మొదలుపెట్టేనాటికి రచయిత క్రిస్టఫర్ పావొలీనీ వయసు కూడా పదిహేనే. అమెరికాలో మోంటానా కొండల మధ్య పెరిగాడు, బడికి పోకుండా ఇంట్లోనే చదువుకున్నాడు. 2002లో తల్లిదండ్రులే పుస్తకం అచ్చు వేయించారు. బళ్లకీ లైబ్రరీలకీ తిరిగి అమ్ముకున్నారు. మరుసటి ఏడు పెద్ద ప్రచురణ సంస్థ తీసుకుంది. లోపాలు లేవనను. అనాథ పిల్లవాడు, దారిచూపే ముసలాయన, పాత కత్తి, ఇవన్నీ ఎన్నో కథల్లో నలిగినవే. నడిమధ్య ప్రయాణం సాగదీతే. కానీ ఆ కొండలూ ఆ మంచూ అతను రోజూ చూసినవి, అందుకే అవి నమ్మిస్తాయి.

మన పిల్లలకి ఇలాంటిది తెలుగులో ఏముందని వెతికితే చేతికి తగిలేవి దాసరి సుబ్రహ్మణ్యం 1950లలో చందమామకి రాసిన 'తోకచుక్క', 'మకరదేవత' లాంటి సీరియల్సే. చిత్రకారుడు చిత్రా వేసిన బొమ్మలతో అవి ఇప్పటికీ ఊపిరి ఆడనివ్వవు. కాకపోతే అవి పేరులేని రాజ్యాల కథలు. వాటిలో కనిగిరి లేదు, ఉదయగిరి లేదు.

ఎందుకు ఉండకూడదు? చీమకుర్తి క్వారీల్లో నల్లరాయి తీస్తారు. సానపట్టి వెలుతురులో పెడితే అందులో బంగారు చుక్కలు మెరుస్తాయి, గెలాక్సీ గ్రానైట్ అనేది అందుకే. దేశదేశాలకి పోయే ఆ రాయి మన వంటింటి గట్టు మీదా ఉంటుంది. శ్రీహరికోట నుంచి రాకెట్ లేస్తుంటే నెల్లూరు పిల్లలు మిద్దెలెక్కి, నిప్పు తోక వెంట చూపు తిప్పుతారు. రాయీ, నిప్పూ, ఆకాశం మన దగ్గరే ఉన్నాయి. ఎరగాన్‌కి అన్నలా ఉండే మేనమామ కొడుకు మిల్లులో పనికని ఊరు వదిలి పోతాడు. మన పడమటి పల్లెల నుంచి బేల్దారి పనికి హైదరాబాద్, బెంగళూరు పోయిన అన్నలు ఎంతమంది! వెలిగొండ కింద రాయి దొరికిన పిల్లవాడు దాన్ని మాంసానికి కాదు, రెండు డ్రమ్ముల మంచినీళ్లకి బేరం పెడతాడేమో. ఈ కథ రాయగలిగినవాళ్లు మన బళ్లలోనే ఉన్నారని నా గట్టి నమ్మకం. వాళ్లకి కావాల్సింది మార్కులతో పనిలేని ఓ గంట, రాసింది చదివే ఓ పెద్ద మనిషి.

ఇదే మాట మా వాడితో అన్నాను. కాసేపు ఆలోచించి, "క్వారీలో రాయి కోసే మిషన్ గుడ్డుకి తగిలితే ఎట్లా మామా?" అన్నాడు. నోట్‌బుక్ తెచ్చి ఇచ్చాను. ఇప్పటికి నాలుగు పేజీలు రాశాడు. గుడ్డు ఇంకా పగల్లేదు.