తూకం రాసుకునే చోటే తల్లినీ పలకరించాలి

అనంతపురం పల్లెల్లో కాన్పయిన ఇంటికి ఆశా కార్యకర్త వస్తూనే ఉంటుంది. ఆసుపత్రి కాన్పయితే 42 రోజుల్లో ఆరుసార్లు, ఆపైన 3, 6, 9, 12, 15 నెలలకు. బిడ్డ తూకం, టీకాల సంగతి అడుగుతుంది. తల్లి మనసు ఎలా ఉందన్న మాట మాత్రం చాలా ఇళ్లలో రాదు.

కక్షల్లో మగదిక్కు పోయిన ఇళ్లలో, అప్పులకు తాళలేక రైతు ప్రాణం తీసుకున్న ఇళ్లలో బిడ్డను సాకేది తరచూ అవ్వే. వయసులో ఉండగానే ఆమె కూడా భర్తను కక్షలకు పోగొట్టుకుని ఉండొచ్చు. పొద్దుగూకితే గడియ పెడుతుంది, వీధిలో కొత్త గొంతు వినిపిస్తే బిడ్డ నోరు మూస్తుంది. మూడేళ్ల బిడ్డకు ఆ హత్య సంగతి తెలియదు, గడియ చప్పుడుకు ఉలిక్కిపడటం మాత్రం వచ్చేసింది.

తల్లిని ఆశా అడగవలసినవి రెండే ప్రశ్నలు: గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? దిగులుగా, ఆశ లేనట్టు అనిపించిందా? ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 3 దాటినా, సరిగ్గా 3 వచ్చినా ఏఎన్ఎంకు చెప్పి డాక్టరుకు చూపించాలి. అత్త ముందు అడిగితే నిజం రాదు. 'ఆ రోజు ఏం జరిగింది' అని తవ్వకూడదు. పోలీసులకు, రెవెన్యూ వాళ్లకు ఇప్పటికే పదిసార్లు చెప్పుకున్న కథ అది. మనసు బాధలకు సలహా చెప్పే ప్రభుత్వ ఫోను సాయం 14416 టెలీ మానస్‌కు అక్కడే ఫోను కలిపిస్తే బస్సు ఖర్చు, ఒకరోజు కూలీ మిగులుతాయి.

తండ్రి పోయిన బిడ్డకు 'నాన్న బెంగళూరు పోయినాడు' అని చెప్పడం మన ఊళ్లలో మామూలే. జాలితోనే చెప్తారు, కానీ బిడ్డ ప్రతి బస్సుకూ ఎదురుచూస్తుంది. 'నాన్న చచ్చిపోయినాడు, ఇంక రాడు, నీ తప్పేమీ లేదు, నీ దగ్గర నేనుంటా' అని చిన్న మాటల్లో చెప్పాలి. మళ్లీ అడిగితే మళ్లీ అవే మాటలు. అంగన్‌వాడీలో పక్క తడిపే, మూలకు నక్కే బిడ్డను మొండి అనకుండా రోజూ ఒకే చోట కూర్చోబెట్టాలి, ఒకే మనిషి తినిపించాలి.

డబ్బు దారీ ఉంది. పిల్లల రక్షణకు పెట్టిన ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద భర్త పోయిన తల్లి బిడ్డకు నెలకు రూ.4,000 స్పాన్సర్‌షిప్, కుటుంబ ఆదాయం పల్లెలో ఏడాదికి రూ.72,000, పట్టణంలో రూ.96,000 దాటకూడదు. దరఖాస్తు ఆగేది మరణ, ఆదాయ ధ్రువపత్రాల దగ్గరే. నష్టపరిహారం ఫైలు కదిలినప్పుడే ఈ దరఖాస్తునూ గ్రామ సచివాలయంలో నింపించేలా కలెక్టర్లు ఆదేశాలివ్వాలి. సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, ఊరు విడిచే కుటుంబం ఏ ఊరికి పోతుందో, ఫోను నంబరేమిటో అంగన్‌వాడీ ముందే రాసుకోవాలి.