బిల్లు తగ్గుతుంది సరే, కరెంటు పోతే?

డాబా మీద సోలార్ పెట్టించుకున్న చాలామందికి అసలు సంగతి మొదటి కరెంటు కోతకు గానీ తెలియదు. మిట్టమధ్యాహ్నం, పైన ప్యానెళ్ల మీద ఎండ మండిపోతుంటుంది, కింద ఫ్యాను ఆగిపోతుంది. ఏదో పాడైందని బిగించినవాళ్లకు ఫోన్ చేస్తారు. పాడవ్వలేదు. ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడుకునే కరెంటుగా మార్చే ఇన్వర్టర్‌ను గ్రిడ్‌కు, అంటే వీధి లైన్‌కు కలిపితే, లైన్‌లో కరెంటు లేనప్పుడు అది తనంతట తాను ఆగిపోవాలి. లేదంటే మన మేడ మీది కరెంటు తీగల్లోకి వెళ్లి, స్తంభం ఎక్కిన లైన్‌మన్ ప్రాణం మీదకు వస్తుంది. కోతల్లోనూ నడవాలంటే బ్యాటరీ, దానితోనూ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. ఖర్చు బాగా పెరుగుతుంది. అమ్మేటప్పుడు ఈ మాట ఎంతమంది చెబుతున్నారో!

బిల్లు తగ్గడం మాత్రం నిజం. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకు 60 వేలు, 3 లేదా అంతకు మించితే 78 వేల రూపాయల సబ్సిడీ ఇస్తున్నారు. ఒక్కో కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. ఏసీలు వాడే ఇంట్లో ముందు కోసుకుపోయేది ఎక్కువ రేటు పడే పై స్లాబు యూనిట్లే కాబట్టి పెట్టుబడి త్వరగా తిరిగొస్తుంది. అదే తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితంగా అందుతున్న ఇంటికైతే సోలార్‌తో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు.

మన ఎండలకు తిరుగులేదనుకుంటాం గానీ, ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. దాని సామర్థ్యాన్ని 25 డిగ్రీల దగ్గర కొలుస్తారు. మే నెలలో ప్యానెల్ 60 డిగ్రీలు దాటి కాలుతుంది, ఉత్పత్తిలో పదో వంతుకు పైగా తగ్గుతుంది. దుమ్ము సంగతి సరేసరి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు వేళలది. సోలార్ మధ్యాహ్నం పొంగుతుంది, మనకు కరెంటు ఎక్కువగా కావాల్సింది పొద్దుగూకాక. నెట్ మీటరింగ్‌లో పగలు మిగిలింది డిస్కంకు, అంటే కరెంటు పంపిణీ సంస్థకు ఇచ్చి రాత్రి తిరిగి తీసుకుంటాం. అంటే డిస్కం మనకు ఉచిత బ్యాటరీలా పనిచేస్తోంది. సాయంత్రం అది ఎక్కువ ధర పెట్టి కొనాల్సి వస్తే ఆ భారం చివరికి సోలార్ లేనివాళ్ల బిల్లులోకే చేరుతుంది. కర్నూలు వైపు గని, శకునాల ఊళ్ల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉన్నా, ఆ పక్కనే పిన్నాపురంలో పగలు నీళ్లు పైకి తోడి, అవసరమైనప్పుడు వదిలి కరెంటు తీసే ప్రాజెక్టు చేపట్టింది ఈ ఇబ్బందికే.

ఎండతో నీళ్లు కాచే సోలార్ హీటర్‌కు ఈ గొడవ లేదు. మధ్యాహ్నం కాగిన నీళ్లు ట్యాంకులో తెల్లారేదాకా వేడిగానే ఉంటాయి. ఎండలో ఐదో వంతును ప్యానెల్ కరెంటుగా మారిస్తే, హీటర్ సగానికి పైగా వేడిగా పట్టుకుంటుంది. బెంగళూరు మేడల మీద ఎక్కడ చూసినా అవే. విజయవాడలో మాత్రం ఎండాకాలం ట్యాంకు నీళ్లే చెయ్యి పెట్టనివ్వవు, ఇంటికి హీటరెందుకు? పైగా బోరు నీళ్లకు ట్యూబుల్లో సున్నం పేరుకుంటుంది. హాస్టళ్లకు, ఆసుపత్రులకు అయితే నేను హీటరే ముందు పెట్టమంటాను.

ఇదంతా సొంత డాబా ఉన్నవాళ్ల లెక్క. అపార్ట్‌మెంట్ సొసైటీలకు లిఫ్టు, మోటార్ల కోసం కిలోవాట్‌కు 18 వేలు ఇస్తున్నారు, అద్దెకుండేవాళ్ల చేతికి మాత్రం ఏమీ రాదు. ఊరి బయట ఒకేచోట ప్యానెళ్లు పెట్టి, అందులో వాటా కొన్నవాళ్ల బిల్లుల్లో యూనిట్లు తగ్గించే పద్ధతిని డిస్కంలు ఊరూరా తేవాలి.