వీసా బులెటిన్ గారికి, శ్రీకాకుళం నుంచి లెక్కల మాస్టారు రాయునది

మహారాజశ్రీ వీసా బులెటిన్ గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. ఏ తేదీన వేసిన వలస దరఖాస్తుల దాకా వంతు వచ్చిందో చెబుతూ అమెరికా ప్రభుత్వం నెలనెలా వేసే పట్టిక కదా మీరు. మీరు అక్కడ కదలకుండా మెదలకుండా క్షేమంగా ఉన్నారని ప్రతి నెలా ఫోన్‌లో చూసి తెలుసుకుంటూనే ఉన్నాను.

నన్ను మీరు గుర్తుపట్టరు. ఎఫ్4 వరుసలో, ఇండియా గడిలో, 2007 ఏప్రిల్ 16 అనే తేదీ చేత్తో పట్టుకుని నిలబడ్డవాణ్ణి. అమెరికా పౌరులు తమ అన్నదమ్ముల కోసం, అక్కచెల్లెళ్ల కోసం వేసే దరఖాస్తుల వరుస అది. మా అప్ప న్యూజెర్సీలో ఉంటుంది. సిటిజన్‌షిప్ వచ్చిన మరుసటేడు ఐ-130 అనే ఆ దరఖాస్తు వేసి, "ఇంక నువ్వు సర్దుకోవడమేరా తమ్ముడూ" అని ఫోన్ చేసింది. సర్దుకోవడానికి తెలుగులో రెండర్థాలున్నాయి కదండీ. అప్ప పెట్టెలు దృష్టిలో పెట్టుకుని అంది. నేను పంతొమ్మిదేళ్లుగా రెండో అర్థంలో సర్దుకుంటున్నాను.

అప్పట్లో ఊళ్లో ఒక కన్సల్టెన్సీ ఆయన మమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి, కూల్‌డ్రింక్ ఇప్పించి, "ఒక పుష్కరం పడుతుంది మాస్టారూ, మీరు నిశ్చింతగా ఉండండి" అన్నాడు. 2015లో గోదావరి పుష్కరాలు వచ్చాయి, రాజమండ్రి వెళ్లి మునిగొచ్చాం. 2027లో మళ్లీ వస్తున్నాయి. ఈలోగా ఆయన కన్సల్టెన్సీ ఎత్తేసి అదే గదిలో టిఫిన్ సెంటరు పెట్టాడు. ఇడ్లీ బాగుంటుంది. ఆర్డరిచ్చిన ఐదు నిమిషాల్లో మన వంతు వస్తుంది.

మీ భాషలో వంతు రావడాన్ని 'కరెంట్ అవడం' అంటారు. ఈ ఒక్క మాటతో మా ఇంట్లో వచ్చిన చిక్కు అంతా ఇంతా కాదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పోయాక, ఫోన్లు కలిసిన రోజున, అప్పతో మాట్లాడుతూ "మనది ఇంకా కరెంట్ అవలేదే" అన్నాను. వరండాలో వత్తులు చేసుకుంటున్న అమ్మ తలెత్తి, "ఏటి బావూ, అమెరికాలో కూడా స్తంభాలు పడిపోనాయేటి?" అంది. విడమరిచి చెప్పాను. సగమే ఎక్కింది. అప్పటినుంచి నెలనెలా అదే అడుగుతుంది.

"కరెంటొచ్చిందేటి బావూ?"

"లేదమ్మా."

"ట్రాన్స్‌ఫార్మరు కాలిపోనాదేమో అడగరాదా."

తుపానుకి పలాస వైపు స్తంభాలు వరసగా పడుకున్నాయి. జీడితోటలు వేళ్లతో సహా లేచాయి. వాళ్లక్కూడా కరెంటొచ్చింది.

పోనీ, మీ లెక్కేమిటో చూద్దామని కూర్చున్నాను. నా వృత్తి అదే కనుక. ఎఫ్4కి ప్రపంచం మొత్తానికి ఏడాదికి 65,000 వీసాలు. ఏ ఒక్క దేశానికీ ఏడు శాతం మించకూడదని 1990 చట్టం. 140 కోట్ల ఇండియాకి ఎంత పరిమితో, మా జిల్లా జనాభాలో ఐదో వంతు లేని ఐస్‌లాండ్‌కీ అంతే పరిమితి. ఒకసారి ఏడో తరగతిలో నిష్పత్తి, అనుపాతం చెబుతూ ఇదే బోర్డు మీద వేశాను. 65,000లో ఏడు శాతం 4,550. అందులోనే భార్యలూ పిల్లలూ కూడా లెక్క. కాబట్టి కుటుంబాల లెక్కన చూస్తే ఇంకా తక్కువ. వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "సార్, అయితే వరుసలో ఆఖరోడు బతికుండగా వెళ్తాడా?" అన్నాడు. సిలబస్‌లో లేదు, కూర్చోమన్నాను.

లెక్క తెలిసినా మీ నడక మాత్రం అంతుపట్టలేదు. ఒక నెల వారం జరుగుతారు. ఒక నెల అసలు జరగరు. 2022లో నెలల తరబడి 2005 సెప్టెంబరు 15 దగ్గరే చతికిలపడ్డారు. ఆ రోజు మీ ఇంట్లో ఎవరిదైనా తద్దినమా అని అనుమానమొచ్చింది. 2025 అంతా 2006లోనే గడిపారు. ఒక్కోసారి వెనక్కి కూడా నడుస్తారు. దాన్ని రెట్రోగ్రెషన్ అంటారట. మా వైపు వక్రగతి అంటాం. శని వక్రిస్తాడు, గురుడు వక్రిస్తాడు. కానీ ఏ రోజు వక్రిస్తారో, ఏ రోజు మళ్లీ తిన్నగా నడుస్తారో ఉగాదికి ముందే పంచాంగంలో అచ్చేసి ఇస్తారు. మీరు ఆ మర్యాద కూడా పాటించరు.

మాకు కూతవేటు దూరంలో అరసవల్లి ఉంది. ఏటా మార్చిలోనూ, అక్టోబరు మొదటి రోజుల్లోనూ పొద్దున్నే సూర్యకిరణం గాలిగోపురం దాటొచ్చి స్వామి పాదాలు తాకుతుంది. చిత్రమేమిటంటే మీ ఆర్థిక సంవత్సరం కూడా అక్టోబరు 1నే మొదలు. ఆ రోజే వీసాల కొత్త కోటా. మా ఆవిడ దీన్ని ఊరికే జరిగిందనుకోదు. ఆ వేళకి చీకటుండగానే వెళ్లి గుడి క్యూలో నిలబడుతుంది. నేను పక్కన నిలబడి మనసులో లెక్క వేసుకుంటాను. పదిహేను కోట్ల కిలోమీటర్లు, ఎనిమిది నిమిషాలు, చెప్పిన తేదీకి, మబ్బు అడ్డుపడితే తప్ప. మీ వరుస కంటే ఆ వరుసే మేలండి. తోపులాట ఉన్నా ప్రసాదం దొరుకుతుంది.

కాగితాల సంగతికొస్తాను. వంతు వచ్చాక వెతుక్కోవడం కాదు, ముందే సిద్ధం చేసుకోమన్నారు కదా, చేశాం. నాకు బర్త్ సర్టిఫికెట్ లేదు. నేను పుట్టిన రోజున పంచాయతీ ఆఫీసుకి వెళ్లాల్సిన మా నాన్న ఊడ్పుల్లో ఉన్నాడు. కాబట్టి నా పుట్టుక రికార్డుల్లో లేదని ఒక సర్టిఫికెట్ తీసుకుని, 'లేదు గానీ పుట్టాడు, మేం చూశాం' అని ఇద్దరు పెద్దల చేత అఫిడవిట్ రాయించాను. సంతకం పెడుతూ మా మేనమామ, "ఎదురుగా కూర్చున్నావు కదరా, ఇంకా అనుమానమేటి వాళ్లకి?" అన్నాడు. ఆయన ఇప్పుడు లేడు. సంతకం ఉంది.

మా ఆవిడది ఇంకో కథ. ఆవిడ 1974లో సాలూరులో పుట్టింది. అప్పుడది శ్రీకాకుళం జిల్లా. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడితే అందులో కలిసింది. 2022 ఏప్రిల్లో పార్వతీపురం మన్యం జిల్లాకి పోయింది. సాలూరు ఉన్నచోటు నుంచి అంగుళం కదల్లేదు. కానీ ఆవిడ మూడు కాగితాల్లో మూడు జిల్లాల్లో పుట్టింది. మీ ఫారంలో పుట్టిన చోటు గడి చూసినప్పుడల్లా మా ఆవిడ నావైపు, నేను గోడవైపు చూస్తాం. ఒక్క మాట చెప్పాలి. కదలని సాలూరు మూడు జిల్లాలు తిరిగొచ్చిన కాలంలో, కదలడమే ఉద్యోగమైన మీరు ఎంత దూరం వచ్చారో ఒకసారి చూసుకోండి.

2008లో పాస్‌పోర్టులు తీశాం. బీరువాలో పట్టుచీరల కింద, కలరా ఉండల మధ్య పెట్టాం. 2018లో గడువు తీరితే విశాఖ మర్రిపాలెం వెళ్లి కొత్తవి తెచ్చాం. పాతదాంట్లో ఒక్క ముద్ర లేదు, వాసన మాత్రం ఉంది. కొత్తది కూడా అదే వాసన పట్టేసింది.

పిల్లల విషయంలో మాత్రం మీతో నవ్వుతూ మాట్లాడలేను. దరఖాస్తు వేసేనాటికి మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. అమెరికా పటం గీసి, అత్త ఊరు మీద చుక్క పెట్టి చదువుకునే బల్ల మీద అంటించుకుంది. మీ చట్టంలో ఇరవై ఒకటి నిండితేనో, పెళ్లయితేనో పిల్ల పిల్ల కాదు. దరఖాస్తు పరిశీలనలో ఉన్న రోజులు వయసులోంచి తీసేసే వెసులుబాటు 2002 నుంచి ఉందని తెలిసి, రాత్రంతా కూర్చుని ఆ తీసివేత చేశాను. ఎటు తిప్పి చేసినా సరిపోలేదు. పెళ్లి చేశాం, విశాఖలో ఉంటోంది. దరఖాస్తు వేసిన రెండేళ్లకి పుట్టిన మా అబ్బాయి మాత్రం ఇంకా మీ లెక్కలో పిల్లాడే. అంటే వరుసలో మాతో నిలబడ్డ పిల్ల బయటికి పోయింది, అప్పటికింకా పుట్టని వాడు లోపలున్నాడు. అమ్మకిది చెబితే నమ్మలేదు. ఆవిడ లెక్కలో అరవై మూడేళ్ల మా అప్ప కూడా ఇంకా గుంటే, అంటే చిన్నపిల్లే. "గుంటకి ఒంట్లో బాగున్నాదేటి?" అనే అడుగుతుంది ఫోన్లో.

అన్నట్టు అమ్మకి మీ వరుసతో పనే లేదు. పౌరుల తల్లిదండ్రులకి కోటా లేదు. అప్ప ఎప్పుడో దరఖాస్తు వేస్తానంది. అమ్మ ఒకసారి విజిటర్ వీసా మీద వెళ్లి, మూడు నెలలు కిటికీ దగ్గర కూర్చుని, "ఈదిలో మనిషి అన్నవాడు లేడు తల్లీ" అని తిరిగొచ్చేసింది. వెళ్లగలిగే మనిషికి అక్కర్లేదు, కావాలనుకున్నవాళ్లకి తేదీ లేదు.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మా జిల్లాకి వలస కొత్త కాదు. మా తీరంలో మత్స్యకారులు ఒక సంచీ భుజానేసుకుని, రైలెక్కి, గుజరాత్‌లో వేరావల్ దాకా పోయి పరాయి పడవల మీద వేట చేస్తారు. 2018లో అలా వెళ్లినవాళ్లు కొందరు పాకిస్తాన్ జైల్లో పడి, 2020లో గానీ ఇంటికి రాలేదు. వాళ్ల ముందు నాది కష్టమని చెప్పడానికి నోరు రాదు. నాది ఒట్టి ఎదురుచూపు. కాకపోతే దానికి కూడా ఖర్చుంటుంది.

ఆ ఖర్చు మా డాబా మీద కనిపిస్తుంది. 2008లో కింద వాటా కట్టాం. పైన కూడా లేపేద్దాం అంది మా ఆవిడ. "వెళ్లిపోయేవాళ్లకి మేడెందుకు?" అన్నాను. పిల్లర్ల మీద చువ్వలు మనిషి ఎత్తున అలాగే వదిలేశాం. మొదట్లో సిమెంటు సంచులు చుట్టాం. అవి ఎండకి చివికి పీలికలై గాలికి ఎగిరేవి. తరవాత ఖాళీ నీళ్ల సీసాలు బోర్లించాం. వానకి తుప్పు కారి, గోడ మీద ఎర్రటి చారలు దిగాయి, జాజు పూసినట్టు. అమ్మ రెండు చువ్వలకి తాడు కట్టి చీరలారేస్తుంది. ఒక మూల చువ్వల మధ్య కాకి గూడు పెట్టి పిల్లల్ని లేపుకుని వెళ్లిపోయింది, ఏ బులెటినూ చూడకుండా. పాలకొండ రోడ్డులో స్థలం వస్తే వద్దన్నాను, అదీ ఇలాంటి కారణానికే. హెడ్మాస్టరు ప్రమోషన్ దూరం మండలం అని వదిలేశాను, 'ఇంకెంత, ఏడాదో రెండేళ్లో' అనుకుని. ఈ ఏడాదో రెండేళ్లో అనే మాట నేను ఎన్నేళ్లుగా అంటున్నానో మా స్టాఫ్ రూములో అందరికీ తెలుసు.

కరోనా గురించి పెద్దగా ఏమీ అనను. కాన్సులేట్లు మూతపడ్డాయి, ఎవరూ చేయగలిగింది లేదు. కానీ ఆ ఏడాది కుటుంబాల కోటాలో మిగిలిపోయిన వీసాలు మరుసటేడు ఉద్యోగాల కోటాకి పోయాయని చదివాక రెండు రోజులు అన్నం సహించలేదు. మా పెళ్లి భోజనాలు పక్క పందిట్లో వడ్డించేసినట్టయింది.

ఇప్పుడు అసలు విషయం. మొన్న దసరాకి అప్ప వచ్చింది. రిటైరయింది. డాబా ఎక్కి, మోకాళ్లు పట్టుకుని, చువ్వలకేసి చాలాసేపు చూసింది.

"ఆ చలికి ఉండలేకపోతున్నానురా. వచ్చేద్దామని ఉంది."

"వచ్చెయ్యి మరి."

"ఎలా వస్తాను? నేనక్కడ కాపురం ఉంటేనే కదా నీకు స్పాన్సర్ చెయ్యగలను. నీ డేట్ వచ్చేదాకా ఆగాలి కదా."

ఆ సంగతి నాకు తెలుసు, చదివాను కూడా. అఫిడవిట్ ఆఫ్ సపోర్ట్, అంటే వచ్చేవాళ్ల పోషణకి పూచీ పత్రం, పెట్టే మనిషికి అమెరికాలో నివాసం ఉండాలి. కానీ అది అప్ప మోకాళ్ల మీద పడిందని నాకు తట్టలేదు. ఆవిడ దగ్గరికి వెళ్లాలని నేనిక్కడ మేడ వేయకుండా ఆగాను. నేను వస్తానని ఆవిడ అక్కడ మంచులో ఆగింది. మధ్యలో మీరు, నెలకో వారం.

మర్నాడే మేస్త్రిని పిలిచాను. చువ్వని గోటితో గీకి, తట్టి, "పైన మూరెడు కోసేసి కొత్తది కట్టేత్తాను మాస్టారూ, అడుగున గట్టిగానే ఉన్నాది" అన్నాడు. స్లాబు పడింది. రెండు గదులు, అప్పకోసం వెస్ట్రన్ టాయిలెట్, మెట్లకి పట్టుకోవడానికి రెయిలింగ్. దరఖాస్తు వెనక్కి తీసుకోలేదండి, అంత ధైర్యం లేదు. అబ్బాయికి ఇరవై ఒకటి నిండడానికి ఇంకా నాలుగేళ్లుంది, మీరు ఏ నెలైనా మనసు మార్చుకోవచ్చు. మీరు వచ్చే రాత్రి ఎప్పటిలాగే మేలుకుని చూస్తాను.

పై వాటాకి కొత్త మీటరు కోసం అప్లికేషన్ పెట్టాను. పదిహేను రోజుల్లో కరెంటొస్తుందని లైన్‌మన్ చెప్పాడు. ఆ మాట చెబితే అమ్మ నా మొహంలోకి అదోలా చూసింది.

ఇట్లు,
2007 ఏప్రిల్ 16