పూత చేదు కోసమేనా?
మందులపై పూత కేవలం చేదు తెలియకుండా ఉండడానికేనన్న వ్యాసకర్త మాటతో ఏకీభవించలేను. జీర్ణాశయంలో ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్‌నే తీసుకుంటే, అది ఆమ్లంలో నిలవలేని మందు కనుక, క్యాప్సూల్‌లోని సన్నని పూసలకు కార్బాక్సిలిక్ ఆమ్ల సమూహాలున్న పాలిమర్ (పొడవాటి గొలుసు అణువుల పదార్థం) పూత వేస్తారు. జీర్ణాశయపు గాఢమైన ఆమ్లంలో అది చెక్కుచెదరదు, చిన్న పేగులో పీహెచ్ (ఆమ్లత్వపు కొలత, ఆమ్లం తగ్గేకొద్దీ పెరుగుతుంది) సుమారు 5.5 దాటాక మాత్రం ఆ సమూహాలు ప్రోటాన్లను వదిలి రుణావేశం పొందడంతో కరిగిపోతుంది. విచిత్రమేమిటంటే, రక్తంలో చేరిన ఆ మందు పనిచేసే రూపానికి మారేది కూడా ఆమ్లంలోనే, కాకపోతే జీర్ణాశయపు గోడలో ఆమ్లాన్ని స్రవించే కణాల దగ్గర. మా ఇంట్లో పెద్దవారికి క్యాప్సూల్ విప్పి ఇవ్వవలసి వచ్చినప్పుడు, పూసలను నలపవద్దని ఫార్మసిస్టు ఒకటికి రెండుసార్లు చెప్పింది, పూత పోతే మందు జీర్ణాశయపు ఆమ్లంలో పాడవుతుందనే. చేదును కప్పే పంచదార పూత సంగతి వేరు. అది నోట్లోనే కరగడం మొదలవుతుంది.